ఎవరికీ కనిపించని చోట

లాంచీ రేవు వదిలింది. పై అంతస్తులో ఎండ చురుక్కుమంటున్నా కిందికి దిగిపోకండి. ఇక్కడి నుంచి చూస్తేనే ఈ నీటి వెడల్పు తెలుస్తుంది. ఇంజిను దడదడకు మీరు కూర్చున్న బల్ల అదురుతోంది. పక్కన పిల్లలు మరమరాల పొట్లం కోసం కొట్లాడుకుంటున్నారు. మీ కింద కృష్ణ ఉంది. కృష్ణ అడుగున విజయపురి ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన రాజధాని అది. ఆ లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు వెలిశాయి. వాటికి దానాలిచ్చిన వాళ్లలో రాజకుటుంబపు ఆడవాళ్లు ముందుంటారు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. అంతకు ముందు ఏడాదే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. నీళ్లు ముంచెత్తేలోగా 1960 దాకా తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి, కొండ మీదికి మోసుకొచ్చి, మళ్లీ ఇటుక మీద ఇటుక పేర్చారు. ఆ కొండే ఇప్పుడు మనం దిగబోయే దీవి, నాగార్జునకొండ.

దిగగానే అందరూ మ్యూజియం వైపు నడుస్తారు. మీరు మాత్రం ముందు ఇటుక కట్టడాల దగ్గరికి రండి. గుండ్రంగా పేర్చిన ఇటుకల వలయం ఒకటి కనిపిస్తుంది. దగ్గరికెళ్లి లోపలికి చూడండి. వలయం నడిబొడ్డున, ఇటుకలతోనే కట్టిన స్వస్తిక్. నాలుగు చేతులు, నాలుగు వంపులు. శుభలేఖ మూలన, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో, పూజగది తలుపు మీద మీరు చూసే గుర్తే. ఇక్కడ అది గోడ మందాన ఉంది.

ఆంధ్రదేశంలో స్తూపాలు కట్టినవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. నడుమ నుంచి బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు లాగి, మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారు. పైన లేచే గుమ్మటం బరువును ఆ గోడలు మోసేవి. ఈ లోయలో కొన్ని స్తూపాలకు మాత్రం నడిమి చోట స్వస్తిక్ కట్టారు.

ఒక్క క్షణం ఆ రోజులకు వెళ్లి నిలబడండి. మేస్త్రీ ఆఖరి వంపు కట్టి లేచాడు. కూలీలు తట్టలతో మట్టి తెచ్చి పోస్తున్నారు. గుర్తు సగం మునిగింది. ఇంకో నాలుగు తట్టలు పడగానే పూర్తిగా మునిగింది. దాని మీద గుమ్మటం లేచింది, సున్నం పూత పడింది. ప్రదక్షిణ చేసే భిక్షువుకు గాని, దీపం పట్టుకొచ్చిన ఇల్లాలికి గాని లోపలేముందో కనిపించదు. స్తూపం కూలితే తప్ప ఎవరి కంటా పడని చోట ఆ గుర్తు పెట్టారు. ఎవరూ చూడకపోయినా అది తన మంచి తాను చేస్తుందన్న నమ్మకం ఆ మేస్త్రీది. ఈ సంగతి మనసులో ఉంచుకుని నాతో రండి, చాలా దూరం వెళ్లాలి.

స్వస్తి అన్న మాటలో 'సు' అంటే మంచి, 'అస్తి' అంటే ఉండటం. క్షేమంగా ఉండు అని దీవెన. మన రాతి శాసనాలు ఎన్నో 'స్వస్తిశ్రీ' అంటూ ఆ మాటతోనే మొదలవుతాయి. వ్యాకరణవేత్త పాణిని సూత్రాల్లో స్వస్తికం ఎక్కడుందో తెలిస్తే నాకు కలిగిన ఆనందమే మీకూ కలుగుతుంది. పశువుల చెవుల మీద యజమానులు వేసుకునే గుర్తుల పేర్ల నడుమ ఉంది. మంద తప్పిపోయిన ఆవును చెవి చూసి పోల్చుకోవడానికి ఎవరో రైతు స్వస్తికం వేశాడన్నమాట. జైనులకు అది ఏడో తీర్థంకరుడు సుపార్శ్వనాథుడి గుర్తు. దాని నాలుగు చేతులు జీవి పుట్టే నాలుగు గతులు: దేవ, మనుష్య, తిర్యక్, నరక. అమరావతి శిల్పులు బుద్ధుడి పాదాలను రాతిలో చెక్కి, చక్రంతో పాటు దీన్నీ వాటి మీద ఉంచారు.

మాట కంటే గీత పాతది. హరప్పా, మొహెంజోదారోల ముద్రల మీద 4,000 ఏళ్ల కిందటి స్వస్తికాలున్నాయి. కొన్ని కుడికి తిరుగుతాయి, కొన్ని ఎడమకు. ఉక్రెయిన్‌లోని మెజిన్‌లో 1908లో దొరికిన చిన్న పక్షి బొమ్మ ఇంకా పాతది, పది వేల ఏళ్లు దాటినది. మామత్ దంతంతో చెక్కిన ఆ పక్షి ఒంటి మీద మెలికలు తిరిగిన గీతలు స్వస్తికాలుగా కలుసుకుంటాయి. దాన్ని చెక్కినవాళ్లు ఏమని పిలుచుకున్నారో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు టర్కీ. డార్డనెల్స్ జలసంధికి దగ్గర్లో హిసార్లిక్ అనే గుట్ట. 1870ల మొదటి సంవత్సరాలు. గాలికి దుమ్ము లేచి కళ్లలో పడుతోంది. కూలీలు పారలతో లోతుగా కందకం తవ్వుతున్నారు. గట్టు మీద నిలబడ్డ మనిషి వ్యాపారంలో బాగా సంపాదించి, హోమర్ చెప్పిన ట్రాయ్ నగరాన్ని వెతకడానికి బయలుదేరిన జర్మన్, హైన్రిక్ ష్లీమన్. బంగారం సంగతి అటుంచి, ఆ మట్టిలోంచి వేల సంఖ్యలో వస్తున్నవి మట్టి బిళ్లలు. కదురు నిలకడగా తిరగడానికి కింద గుచ్చే బిళ్లలు. ఒకటి చేతిలోకి తీసుకోండి. మట్టి దులపండి. నడుమ కన్నం, చుట్టూ గీతలు. ఆ గీతల్లో స్వస్తికం. ఏ అమ్మో నూలు వడుకుతుంటే గిర్రున తిరిగిన బిళ్ల అది. తిరిగేటప్పుడు దాని మీది గుర్తు కంటికి ఆనదు కూడా.

ష్లీమన్ దాన్ని పండితులకు చూపించాడు. అది ఆర్యుల గుర్తని, వాళ్లు నడిచిన దారికి ఆనవాలని కథ అల్లుకుంది. అప్పుడు ఆక్స్‌ఫర్డ్ నుంచి భాషావేత్త మాక్స్ ముల్లర్ ఒక హెచ్చరిక రాశాడు. స్వస్తిక అన్న మాట పుట్టిల్లు ఇండియా, దానికి అక్కడ ఒక చరిత్ర ఉంది, ఎక్కడో దొరికిన ప్రతి వంపు శిలువకూ ఆ పేరు తగిలిస్తే లేని చుట్టరికం కలిపినట్టవుతుందని దాని సారాంశం. ష్లీమన్ ఆ ఉత్తరాన్ని తన 'ఇలియోస్' పుస్తకంలోనే అచ్చు వేశాడు. ఆర్య అనేది భాషలకు సంబంధించిన మాట, నెత్తురుకు కాదని ముల్లర్ తర్వాత కూడా చెబుతూ వచ్చాడు. ఈ రెండు హెచ్చరికలూ చెవిన పెట్టి ఉంటే, అన్న ఆలోచన నన్ను వదలదు. పెట్టలేదు.

కొన్నాళ్లు పడమటి దేశాల్లో అది అదృష్టపు గుర్తుగా తిరిగింది. గ్రీటింగ్ కార్డుల మీద ఎక్కింది. కిప్లింగ్ పుస్తకాల అట్టల మీదకొచ్చింది. కెనడాలో బంగారు గనుల పక్కన ఒక ఊరికి పేరైంది. 1918లో ఫిన్లాండ్ వైమానిక దళానికి దక్కిన తొలి విమానాల్లో ఒకదాని మీద నీలి రంగులో మెరిసింది. అదే కాలంలో జర్మనీ, ఆస్ట్రియాలలో యూదులంటే పడని ముఠాలు తమ జాతి చిహ్నంగా దాన్ని పట్టుకున్నాయి.

1920 మార్చి 13, తెల్లవారుజాము. మీరు బెర్లిన్‌లో కిటికీ వెనక నిలబడ్డారు. బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ప్రభుత్వాన్ని కూలదోయడానికి ఎర్హార్ట్ దళం అనే మితవాద సాయుధ ముఠా నగరంలోకి వస్తోంది. వాళ్ల ఇనుప టోపీల మీద తెల్లగా గీసిన గుర్తు చూడండి. ఆ ఏడాదే మ్యూనిక్‌లో హిట్లర్ పార్టీ దాన్ని జెండాకెక్కించింది. ఎర్ర గుడ్డ, తెల్లని వృత్తం, నల్లని గుర్తు. వాళ్లు దాన్ని స్వస్తిక్ అనలేదు. హాకెన్‌క్రోయిట్స్ అన్నారు, అంటే కొక్కేల శిలువ. ఆ జెండాకున్న పనల్లా కనబడటమే. దూరం నుంచి కనబడాలి, వీధి వీధినా కనబడాలి, చూసినవాడి గుండె జారాలి. 1935 సెప్టెంబర్ 15న న్యూరెంబర్గ్‌లో దాన్ని దేశానికి ఒకే ఒక్క జెండాగా చట్టం చేశారు. అదే రోజు చేసిన మరో చట్టం యూదులకూ, 'జర్మన్ రక్తం' ఉన్నవాళ్లకూ మధ్య పెళ్లిళ్లను నిషేధించింది. యూదులు ఆ జెండా ఎగరెయ్యడానికి వీల్లేదనీ అందులోనే ఉంది.

కుడికి తిరిగితే మనది, ఎడమకు తిరిగితే నాజీలదని, లేదా ఏటవాలుగా ఉంటేనే నాజీలదని మనవాళ్లు తరచూ సర్దిచెబుతుంటారు. ఆ మాట నిలవదు. సింధు ముద్రలు రెండు వైపులా తిరిగాయి. నాజీలు నిటారుగా ఉన్నదాన్నీ వాడారు. వంపులు లెక్కపెట్టి ఎవరి భయాన్నీ పోగొట్టలేం.

ఇక ఆరిజోనా రాష్ట్రంలోని టూసన్ పట్టణానికి రండి. 1940 ఫిబ్రవరి 28. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. బల్ల మీద తోలు కాగితం పరిచారు. హోపీ తెగకు చెందిన ఫ్రెడ్ కబోటీ, అపాచీ తెగకు చెందిన మిగేల్ ఫ్లోరెస్ సంతకాలు పెడుతున్నారు. నవాహోలు, పపాగోలు కూడా ఈ నిర్ణయంలో ఉన్నారు. ఇకపై తమ కంబళ్ల మీద, బుట్టల మీద ఈ గుర్తు నేయబోమని ఆ కాగితంలో ఉంది.

వాళ్లకు ఇది మన దగ్గరి నుంచి వెళ్లలేదు. నవాహోలు దాన్ని తిరిగే దుంగ అంటారు. వాళ్ల కథానాయకుడు బోలు దుంగలో కూర్చుని నదిలో కొట్టుకుపోయి, సుడిగుండం దగ్గర దేవతలను కలిసి, రోగాలు నయం చేసే విద్య నేర్చుకుని ఇంటికొచ్చాడు. జబ్బు మనిషికి క్రతువు చేసేటప్పుడు ఆ కథను నేల మీద రంగు ఇసుకతో వేస్తారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి ఇసుక సన్నగా జారుతుంది. మీ అమ్మ వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు చూసిన చేతివాటమే. రోగిని ఆ బొమ్మ మీద కూర్చోబెడతారు. పని అయ్యాక బొమ్మను చెరిపేస్తారు. దాచుకోరు, ప్రదర్శించరు. నాగార్జునకొండ మేస్త్రీకి, ఈ ఇసుక వేసే మనిషికి మధ్య సముద్రాలున్నాయి, ఒకరి ఊసు ఒకరికి తెలియదు. గుర్తుతో వాళ్లిద్దరూ కోరుకున్నది మాత్రం క్షేమమే.

ఆ గుర్తును ఈ తెగలవాళ్లు పాడు చేయలేదు. ఎక్కడో మరో దేశం వాళ్లు పాడు చేస్తే, తరతరాల స్నేహ చిహ్నాన్ని వీళ్లు వదులుకున్నారు. ఆ సంతకాల ఫోటో చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది.

అమెరికా సైన్యంలో 45వ డివిజన్ ఉండేది. ఆరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో, ఓక్లహోమా కుర్రాళ్ల డివిజన్. ఆదివాసులు ఎక్కువగా ఉన్న ప్రాంతమని వాళ్ల భుజం మీద ఎర్రటి గుడ్డపై పసుపుపచ్చ స్వస్తిక్ ఉండేది. 1930ల చివర దాన్ని విప్పేసి, పిడుగుపక్షి బొమ్మ కుట్టుకున్నారు. 1943లో సిసిలీలో దిగి, ఇటలీ, ఫ్రాన్స్ దాటి జర్మనీలోకి వచ్చారు.

1945 ఏప్రిల్ 29. వాళ్ల వెనకే నడవండి. మ్యూనిక్‌కు దగ్గర్లో డాఖావ్. రైలు పట్టాల మీద పెట్టెలు ఆగి ఉన్నాయి. తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల శవాలు, పెట్టె తర్వాత పెట్టె. రెండు వేలకు పైగా. సైనికుల్లో కొందరు ఏడుస్తున్నారు, కొందరికి వాంతులవుతున్నాయి. గేటు దాటితే ముప్పై వేల మందికి పైగా బతికున్న ఖైదీలు. పన్నెండేళ్లుగా నడుస్తున్న శిబిరం అది. అక్కడున్న ఒక్కో మనిషి ఆ నల్లని గుర్తును ఏ చేతి పట్టీ మీద, ఏ టోపీ మీద చూశాడో, చూసిన మరుక్షణం ఏం జరిగిందో ఊహించుకోండి. ఆ మనిషికి మీరు పాణిని సూత్రం చెప్పగలరా?

ఆ ఏప్రిల్‌లోనే న్యూరెంబర్గ్ నాజీ సభల మైదానంలో గద్దె మీదున్న భారీ గుర్తును అమెరికా సైన్యం మందుగుండుతో పేల్చేసింది. ఆ గుర్తు బహిరంగంగా వాడితే జర్మనీలో నేటికీ మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. పూజలకు, పాఠాలకు అడ్డులేదు.

చివరిగా కాలిఫోర్నియా. ఒక తెలుగువాళ్ల గృహప్రవేశం. గుమ్మానికి మామిడాకులు, గడపకు పసుపు. కుంకుమ గిన్నె పట్టుకుని మీరే తలుపు ముందు నిలబడ్డారు. 2022లో ఆ రాష్ట్రం హాకెన్‌క్రోయిట్స్ వేరు, హిందువులు, బౌద్ధులు, జైనుల స్వస్తిక్ వేరని చట్టంలో రాసింది. గీయడానికి మీకు హక్కుంది. మానుకోమని నేను చెప్పను. దొంగ ఎత్తుకెళ్లాడని సొమ్ము వాడిదైపోదు. అయితే ఎదురింటి పెద్దావిడ పొద్దున తలుపు తీసేసరికి ఎదురుగా కనిపించేది మీ గుమ్మమే. వాళ్ల నాన్న ఆ శిబిరంలో ఉన్న మనిషి కావచ్చు.

కుంకుమ గిన్నె కాసేపు పక్కన పెట్టండి. పళ్లెంలో నాలుగు పళ్లు పెట్టుకుని ఆ తలుపు తట్టండి. మా గుమ్మానికి ఒక దీవెన గీస్తున్నాం, పేరుకు అర్థం క్షేమం అని చెప్పండి. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే, మధ్యలో లేవకండి. అంతా విని, అప్పుడు వచ్చి గీయండి.