పోలిగాడి లైవ్

శెనక్కాయ పీకి, కట్టె కుప్పేసి, నాలుగు డబ్బులు చేతిలో ఆడే కాలం. అనంతపురం సీమలో ఆ కాలం ఎక్కువ రోజులుండదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టే వాన. అలాంటి చోట ఊరంతా సంబరంగా కూర్చునే రాత్రులు అరుదు. అట్లాంటి ఒక రాత్రి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి బొమ్మలాటోళ్లు బండి కట్టుకుని వచ్చారు. ఏ ఊరు, ఏ తేదీ అని అడక్కండి. కరెంటు రాకముందు ఈ సీమలో ఎన్నో ఊళ్లలో జరిగిన రాత్రి ఇది. మాటలు నేను కూర్చినవి, తీరు మాత్రం వాళ్లది.

రచ్చబండ ముందు గుంజలు పాతి రెండు తెల్ల గుడ్డలు బిగించారు. రెంటినీ కలిపి పట్టి ఉంచింది ఈత ముళ్లే. వెనకాల ఆముదం దీపాలు. బుట్టలోంచి తోలుబొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి, కొన్ని మనిషెత్తువి. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, నగలున్న చోటల్లా ఉలితో సన్నసన్న చిల్లులు కొట్టారు. దీపానికీ గుడ్డకీ మధ్య పెడితే ఆ చిల్లులే వడ్డాణాలూ హారాలూ అయి మెరుస్తాయి. మద్దెల, తాళాలు, హార్మోనియం సిద్ధం. యుద్ధమొస్తే దడదడ తొక్కడానికి కాళ్ల కింద చెక్కపలకలు. వినాయకుడు వచ్చి వెళ్లాడు, సరస్వతి వచ్చి వెళ్లింది. జనం ఇంకా సగమే.

ఇప్పుడు రావాల్సింది రాముడు. కానీ ముందుగా నవ్వించే బొమ్మ జుట్టుపోలిగాడు దూకాడు, వెనకే వాడి జోడీ బంగారక్క.

“మే బంగారక్కా! ఇంత రేత్రిలో యాడికి పోతాండావు?”

“ఈ ఊరి రెడ్డప్ప ధర పెరుగుతాదని బుడ్డలన్నీ ఇంట్లోనే దాపెట్టుకున్యాడంట. నాలుగు వొలుచుకోని పోదామని వస్తి.”

గుంపు గొల్లుమంది. చీకట్లోంచి ఎవరో అరిచారు: “ఆయప్ప ఈడనే కూసోనుండాడు పోలిగా!”

“కూసోనుండాడా? గురక వినిపిస్తాంటే పండుకున్యాడనుకొంటి!”

ఇంట్లో పడుకున్నవాళ్లు కూడా ఈ నవ్వులకు లేచి చాపలు చంకన పెట్టుకుని వచ్చేశారు. తన పేరు ఎక్కడ వస్తుందోనని కొందరు, పక్కింటివాడి పేరు రాకపోతుందా అని కొందరు. పగలు బియ్యానికీ నూనెకీ ఇల్లిల్లూ తిరిగినప్పుడే మేళంవాళ్లు ఊరి సంగతులన్నీ చెవినేసుకున్నారు. ఎవరింట పెళ్లి కుదిరింది, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదు. రంగనాథ రామాయణం ద్విపదలు కంఠతా వచ్చినవాళ్లు వాళ్లు, ఇంట్లో మాట్లాడుకునే మరాఠీని గడపలోనే వదిలి తెల్లవార్లూ తెలుగులో పాడగలరు. ఆ విద్య అంతా ఉన్నా ఊరిని లాక్కొచ్చి కూర్చోబెట్టే పని పోలిగాడికే అప్పజెప్పారు. నా మటుకు నాకు అసలు తెలివి అక్కడే కనిపిస్తుంది.

నడుమ చదివింపులు. ఎవరో రూపాయి ఇస్తారు, ఆట ఆపి పేరు పైకి చదువుతారు. ఇచ్చినాయన మీసం దువ్వుకుంటాడు. మరుక్షణం పోలిగాడు ఏమీ ఇవ్వనివాడి మీద పడతాడు, అందుకని వాడికీ అలక ఉండదు. వాన మొహం చాటేసిన ఏడాది, ఆడిస్తే వాన పడుతుందన్న నమ్మకంతో విరాటపర్వం ఆడించమని ఊళ్లే కబురు పెట్టేవి. అప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ ఆట అక్కర కూడా.

ఊరిని కూర్చోబెట్టే ఇదే కిటుకు చాలా ఏళ్లకు అమెరికాలో ఇంకో తెర మీద కనిపించింది. 2007 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జస్టిన్ కాన్ అనే కుర్రాడు టోపీకి కెమెరా తగిలించుకుని తన బతుకంతా ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాడు. పేరు జస్టిన్ డాట్ టీవీ. కొన్నాళ్లకు ఎవరైనా ప్రసారం చేసుకోవచ్చని తలుపులు తీశారు. భాగస్వామి ఎమ్మెట్ షియర్ చూపు వీడియో గేములు ఆడుతూ చూపించేవాళ్ల మీద పడింది. 2011 జూన్‌లో వాళ్ల కోసమే ట్విచ్ విడిగా పెట్టారు. 2014 ఆగస్టులో అమెజాన్ దాన్ని 97 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇంతా చేసి అక్కడి తెర మీద ఏముంది? ఒక మూల ఆట, ఒక మూల ఆడేవాడి మొహం, పక్కన ఎడతెగని చాట్. బాగా ఆడేవాళ్లు బోలెడుమంది. చాట్‌లోని పేర్లు చదివి, వచ్చినవాణ్ణి గుర్తుపట్టి, మొన్నటి మాట ఇవాళ ఎత్తి ఆటపట్టించేవాడి దగ్గరే జనం నిలబడ్డారు. మన తెలుగు లైవుల్లోనూ అంతే. “అన్నా, హాయ్ చెప్పన్నా” అని కుర్రాళ్లు ఎడాపెడా కొడుతూనే ఉంటారు. యూట్యూబ్ 2017లో తెచ్చిన సూపర్‌చాట్‌ను మా ఊరి ముసలాయనకు చూపిస్తే చదివింపులేగా అంటాడు.

అంతకంటే ముచ్చటైనది 2014 ఫిబ్రవరిలో జరిగింది. పేరు చెప్పని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ ఒకాయన పోకెమాన్ రెడ్ ఆటను ట్విచ్‌లో పెట్టి, మీట జనం చేతికిచ్చాడు. చాట్‌లో ‘పైకి’, ‘కిందికి’ అని కొడితే బొమ్మ అలా కదులుతుంది. వేలమంది ఒకేసారి కొడుతుంటే అది గోడలకు గుద్దుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి పోతూ తిరిగింది. పదకొండు లక్షల మందికి పైగా చేయి వేసిన ఆ ఆట పదహారు రోజులకు పూర్తయింది. బొమ్మ కర్ర ప్రేక్షకుడి చేతికివ్వడం పోలిగాడికి కూడా తోచని పని.

మన దగ్గర తెర చింపినవాళ్లూ ఉన్నారు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీని ఆపేసింది, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను. ఆ ఆటల్ని నమ్ముకున్న కుర్రాళ్లకు రాత్రికి రాత్రి తెర ఖాళీ. ఆట కోసం వచ్చినవాళ్లు పోయారు, మనిషి కోసం వచ్చినవాళ్లు ఇంకో ఆటకు వెంట నడిచారు. నిమ్మలకుంట ఆ దెబ్బ ఎప్పుడో తినింది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, పిలిచే ఊళ్లు తగ్గాయి. అదే తోలు మీద అదే చిల్లులు కొట్టి దీపాల గూళ్లు చేసి పట్నాలకు అమ్ముకున్నారు. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించారు. సభల్లో ఇప్పుడు తెల్లవార్లూ ఆడమనరు, గంటలో ముగించమంటారు. గంటలో లంక కాల్చడానికే సరిపోదు, పోలిగాడు ఊరి కబుర్లు ఏం చెబుతాడు?

నాకో ఆశ ఉంది. మేళం తెర వెనక ఒక పిల్లవాణ్ణి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాలి. లైవ్ పెట్టి చాట్ పైకి చదవడమే వాడి పని.

“పోలిగా, కువైట్ నుంచి కదిరి అన్న ఒకాయన చూస్తాండాడు.”

“కువైట్‌లోనా? పెండ్లాం ఫోన్ చేస్తే ఎత్తకుండా ఈడ బొమ్మలు చూస్తాండాడా? మే బంగారక్కా, ఆయమ్మ నంబరుందా నీ కాడ?”