ఎక్కడి లడాయో, మన వాకిట్లకచ్చింది

ఆ మొద్దు జర అవుతలికి జరుపు బిడ్డా, పొగంత నా మొకానికే కొడుతంది. ఆఁ, గట్ల. ఏమడిగినవు, హిట్లరా? పరీక్షల అచ్చిండా? ఆయిన సచ్చేనాటికి నేను పారాడుతున్ననో లేదో. గని ఆయిన లేపిన లడాయి మాత్రం మన కొడిమ్యాల దాకా అచ్చింది. ఇనుండ్రి, చెప్త.

మీరు జగిత్యాల ఖిల్లా సూసిండ్రు గద. సుట్టూ కందకం, మీద తోపులు. 1747ల కట్టిన్రు దాన్ని. పోరలు ఆ తోపులెక్కి ఫోటోలు దిగుతరు, లడాయంటే గదే అనుకుంటరు. మా బాపు నోట నేనిన్న లడాయిల తోపు లేదు, కుంచం ఉన్నది.

1942ల హిట్లర్ దిక్కున్న జపానోడు బర్మాను పట్టుకున్నడు. బర్మా బియ్యం బందైనయి. ఇంగ్లీషోని ఫౌజుకు తిండి కావాలె, పట్నపోళ్లకు తిండి కావాలె. నిజాం ఇంగ్లీషోనికి దోస్తు. ఇగ సర్కారు లెవీ పెట్టింది. పండినదాంట్ల ఇంత అని సర్కారుకు కొలవాలె, వాళ్లు చెప్పిన ధరకే. కాయిదం మీద అందరికి ఒక్కటే లెక్క. గని కాయిదం రాసేదెవలు? పట్వారీ. కొలిపిచ్చేదెవలు? పటేలు. ఈళ్లిద్దరు చేతులు కట్టుకొని నిలవడేది ఎవల ముంగట? దొర ముంగట. మరి దొర గరిసె మూత ఎవడు తీస్తడు?

మా బాపు చెప్పేటోడు. కల్లంల వడ్లు తూర్పార పట్టి రాశి పోసిండ్రట. మీది దుమ్ము ఇంక దిగనే లేదు, పటేలు, మస్కూరి అచ్చి నిలవడ్డరు. కుంచం అంచు దాకా గాదు, మీద కుప్ప నిలిచేదాకా పోసి ఒక్కటని లెక్కవెట్టిండ్రట. లెక్కంత నోటితోనే, రసీదు లేదు. ఆళ్లు పోయినంక మా నాయినమ్మ తాలు చాటలకెత్తుకొని చెరుగుకుంట కూసున్నదట, అండ్ల గింజలేమన్న దొరుకుతయా అని. ఆమెకు బర్మా ఏ దిక్కున్నదో ఎరుక లేదు.

సిరిసిల్ల పద్మశాలోళ్లది ఇంకో తీరు గోస. మగ్గం ఉన్నది, చెయ్యి ఉన్నది, నూలు దొరకది. బట్టకు కంట్రోలు, గ్యాస్‌నూనెకు కంట్రోలు.

ఇటు గీ లెవీ, అటు ఎన్నడో ఉన్న వెట్టి. రెండు కలిసినంక దొరల మీద లేసిన సంఘపోళ్ల మాట జనానికి చెవికెక్కింది. గాలిపెల్లి బద్దం ఎల్లారెడ్డి, పోలంపల్లి అనభేరి ప్రభాకరరావు, ఈళ్లు మన జిల్లాల మొనగాండ్లు. అనభేరి దొరల ఇంట్ల పుట్టినోడే, సూడుండ్రి మరి. ఆయిన దళం ఊర్లెకస్తే పట్వారీ దస్త్రాల మీద పడేది, వాకిట్లేసి కాలబెట్టేది. ఎందుకంటే జనం అప్పు, జనం భూమి, అన్ని ఆ బట్ట సుట్టిన కట్టలల్లనే ఉన్నయి. గడి గోడ కూలగొడితే దొర మల్ల కడుతడు, దస్త్రం కాలితే ఏడికెల్లి తెస్తడు? 1948 మార్చి 14న మహ్మదాపురం గుట్టల కాడ పోలీసులతోని కొట్లాడుకుంట ప్రభాకరరావు సచ్చిపోయిండు, ఎంబడున్నోళ్లు సుత పోయిండ్రు. ఎల్లారెడ్డి బతికి, 1952 ఎలచ్చన్లల్ల కరీంనగర్ నుంచి పార్లమెంటుకు పోయిండు.

అదే 1948ల, సెప్టెంబర్ 13న ఇండియా మిలిటరీ దిగింది. 17 నాటికి నిజాం చేతులెత్తిండు. నిజాం దిక్కు నిలిచి ఊర్లను గోసవెట్టిన రజాకార్ల పీడ పోయిందని జనం సంబురపడ్డరు. గని మరాట్వాడ, బీదర్ దిక్కు ఏ పాపమెరుగని సాయిబుల పానాలు మస్తు పోయినయి. గది సుత చెప్పాలె, లేకుంటే కత సగమే చెప్పినట్టు. ఇగ సంఘానికి జడిసి పట్నం పారిపోయిన దొరలు ఒక్కొక్కలు తిరిగచ్చిండ్రు. పోయినప్పుడు షేర్వానీ, అచ్చినప్పుడు ఖద్దరు. మా బాపుకు ఇది చెప్పేటప్పుడల్ల నవ్వు ఆగకపోయేది. 1949ల జాగీర్లు తీసేసిండ్రు, 1950ల కౌలుదార్ల చట్టం తెచ్చిండ్రు. నిజాం హాలీ రూపాయలు ఏడిస్తే ఇండియా కల్దార్ రూపాయలు ఆరు. రాజు పోయిండు, ఎనుక సిక్క సుత పోయింది. గని గడి ముంగట కెల్లి నడువాలంటే చెప్పులు కాళ్లకు లేవు, చేతులనే. ఇది నేను ఇన్నది గాదు, పట్టుకొని నడిసిన.

గట్ల ఇంకో ముప్పై ఏండ్లు.

1978ల మన దిక్కు ఊర్లల్ల రైతుకూలీ సంఘాలు పుట్టినయి. దండుగల పేరు మీద తిన్న పైసలు తిరిగియ్యాలె, ఆక్రమించిన బంచరాయి ఇడిసిపెట్టాలె, వెట్టి చెయ్యం, కూలి పెంచాలె, గివే అడిగింది. ఇననోనికి చాకలి బంద్, మంగలి బంద్, జీతగాండ్లు బంద్. మన పక్క ఊరి దొర ఒకడు గడ్డం మాసి మాసి, ఆఖరికి సైకిల్ మోటారు మీద జగిత్యాలకు పోయి గీకిచ్చుకొని అచ్చిండు. దొరసాని చేద పట్టుకొని బాయి కాడికచ్చింది. తాడు ఎట్ల ఇడువాల్నో తెల్వదు ఆమెకు, బొక్కెన బాయిల పడ్డది. ఆడోళ్లు సూసిండ్రు, ఒక్కలు సుత నవ్వలె. ఎందుకు నవ్వలేదో నాకు ఇప్పటికీ సమజ్ గాదు.

సెప్టెంబర్ 7న జగిత్యాలల జైత్రయాత్ర. ఊర్లకు ఊర్లు కదిలినయి. సద్దులు కట్టుకొని, డప్పులు కొట్టుకుంట పోయినం. సదువుకున్న పోరలు ముంగట నిలవడ్డరు. బీర్పూర్ ముప్పాళ్ల లక్ష్మణరావు, పెద్దపల్లి మల్లోజుల కోటేశ్వరరావు, గా దినాలల్ల లేసినోళ్లే. ఎనుక తుపాకి పట్టి అడివిల పడ్డరు. అది మంచా చెడా అని నన్నడుగకుండ్రి. రెండు దిక్కులోళ్ల పాడెలు మోసినోన్ని నేను. గని గడి ముంగట చెప్పులు కాళ్లకచ్చింది మాత్రం గా యేడాదే. నిజాం పోయినప్పుడు రాలె, మిలిటరీ అచ్చినప్పుడు రాలె.

నెల దాటిందో లేదో, అక్టోబర్ల సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు చాటిచ్చింది. అట్ల చాటిచ్చే చట్టం సుత 1948ల చేసిందే. స్కూళ్లల్ల పోలీసు క్యాంపులు. అర్ధరాత్రి తలుపు కొట్టుడు, పోరగాండ్లను ఎత్తుకపోవుడు. కొడుకు ఇంట్ల ఉంటే అడివికన్న పోతడు, ఠాణాకన్న పోతడు. తల్లులే గాజులు కుదువవెట్టి బొంబాయి బస్సెక్కిచ్చిండ్రు.

బొంబాయి దాటితె గల్ఫు. అది సుత లడాయి పుణ్యమే. 1973 అక్టోబర్ల అరబ్బులు, ఇజ్రాయిలోళ్లు కొట్లాడుకున్నరు. దాంతోని మూడు డాలర్లున్న నూనె పీపా కొన్ని నెలలల్లనే పన్నెండుకు దగ్గరవడ్డది. ఆ పైసలతోని ఇసుకల పట్నాలు లేవట్టిండ్రు. లేపనీకి చేతులు కావాలె గద, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, మన కొడిమ్యాల పోరగాండ్లు పోయిండ్రు. ఊర్లెకు టేపురికార్డర్లు, బ్యాంకు డ్రాఫ్టులు అచ్చినయి. దొరలు హైదరాబాదుల మకాం పెట్టి పొలం తుకడ తుకడ అమ్ముకుంటె, జీతగాని కొడుకు కొన్నడు. భూమి పంచుతమని ఎందరో లీడర్లు చెప్పిండ్రు. కొంత వాళ్లు పంచిండ్రు, కొంత దుబాయి పంచింది.

మీ పెద్దబాపు కువైట్‌ల ఉండంగ 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ దాని మీద పడ్డడు. సద్దాం పేరు మన కల్లు మండువల దాకా అచ్చింది. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. మీ నాయినమ్మ రేడియో పక్కపొంటి పండుకునేది. ఎడారి దాటి అమ్మాన్‌కు చేరినోళ్లను ఎయిరిండియా ఇమానాలు తెచ్చినయి, లక్షా డెబ్బై వేలకు మించి మందిని. మనోడు ఒక్క సంచి పట్టుకొని దిగిండు. బీరువల దాసుకున్న దినార్లు ఇడ ఏ బ్యాంకోడు తీసుకోలె. అటు నూనె ధర పెరిగి, గల్ఫు పైసలాగి, ఢిల్లీ ఖజానా సుత అడుగంటింది. 1991 జూన్‌ల మన వంగర పీవీ ప్రధాని కుర్చీల కూసునేటాలకు డాలర్లు లేవు. ఆయిన దేశం అప్పు సంగతి సూసుకున్నడు. మనింటి అప్పుకు మిత్తి నెలనెలా పెరగవట్టె.

సద్దాం ఫౌజు కువైట్ ఇడిసి పోంగ పోంగ ఆరు వందలకు మించి నూనె బాయిలకు అగ్గిపెట్టి పోయింది. నవంబర్ దాకా మండినయి. మీ పెద్దబాపు మల్ల పాసుపోర్టు పట్టుకొని ఏజెంటు కాడికి తిరుగవట్టిండు. గంత కాలిపోయిన దేశంల ఏం పనుంటదిరా అన్న నేను. "కూలిన గోడలు లేపుడే బాపు, ఇంతకుముందుకన్న ఎక్కువే ఉన్నది" అన్నడు.