జహీరాబాద్ చలికాలం: మంచు పంటలు, చేను పండుగలు

సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారి మీద సుమారు 100 కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ ఉంది. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి ఇది. ఒకపక్క మొరం, ఎర్ర చెల్క నేలలు, మరోపక్క నల్లరేగడి. తెలంగాణలో చలి ఎక్కువగా ఉండే చోట్లు అనగానే ఆదిలాబాద్ గుర్తొస్తుంది గాని, జహీరాబాద్ పక్కనే ఉన్న కోహీర్ కూడా ఆ వరసలోదే. కొన్ని డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల దాకా పడిపోయింది. ఇందుకు కారణాలు తేలికే. సముద్రం దూరం, నేల ఎత్తు, మేఘాల్లేని పొడి ఆకాశం, ఈశాన్యం నుంచి వీచే చల్లగాలి. పగలంతా పట్టిన వేడిని నేల రాత్రికి రాత్రే వదిలేస్తుంది. తెల్లవారేసరికి చేనంతా మంచుతో తడిసి ఉంటుంది.

చలికాలం అంటే ఐరోపా పల్లెల్లో పొలం పని ఆగిపోయే కాలం. చెక్ దేశపు కొండల్లో నాలుగైదు నెలలు నేల మంచు కింద ఉంటుంది. 19వ శతాబ్దం చివర నార్వే నుంచి స్కీలు వచ్చాక అక్కడి జనం ఆ ఖాళీ కాలాన్ని ఆటగా మార్చుకున్నారు. క్రకోనోషె కొండల్లో అడవి పనివాళ్లు స్కీల మీద తిరగసాగారు. 1968లో మొదలైన యిజెర్స్కా పదేసాట్కా అనే 50 కిలోమీటర్ల స్కీ పందెం నేటికీ సాగుతోంది. జహీరాబాద్‌లో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చలి నేలను మూసెయ్యదు, పంటను నిలబెడుతుంది. అందుకే ఈ ప్రాంతపు చలికాలపు ఆటలు, విందులు, పండుగలు అన్నీ చేను గట్ల మీదే పుట్టాయి.

ఈ చరిత్రకు మొదలు యాసంగి జొన్న. వానాకాలంలో పచ్చజొన్న, సజ్జ, కంది, పెసర, మినుము వేసే రైతులు, రేగడి నేలల్లో కొంత భాగాన్ని వానలు తగ్గేదాకా ఖాళీగా ఉంచేవారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె, గోధుమ, ధనియాలు కలిపి చల్లేవారు. ఆ తరువాత చాలా ఏళ్లలో చుక్క వాన పడేది కాదు, బావి నీళ్లు పెట్టేవారూ కాదు. అయినా ఫిబ్రవరికి పంట చేతికొచ్చేది. ఇలాంటి వాటిని జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్, మాచ్నూర్ ఊళ్ల చుట్టుపక్కల మహిళా రైతులు సత్యం పంటలు అంటారు. నీళ్లు, ఎరువు అడగకుండా మంచుతోనే పండుతాయని వారి నమ్మకం. వ్యవసాయ శాస్త్రం లెక్క కాస్త వేరు. పంటకు అసలు ఆధారం రేగడి అడుగున దాచుకున్న వాన తేమ. చలి రాత్రులు ఆ తేమ ఆవిరి కాకుండా కాపాడతాయి. ఆకుల మీద పడిన మంచు పొద్దెక్కేదాకా మొక్క దాహాన్ని తగ్గిస్తుంది. రెండు లెక్కల్లోనూ చలి లేనిదే పంట లేదు కనుక రైతుల మాట తప్పు కాదు.

జొన్న కంకి పాలు పోసుకుని గింజ గట్టిపడే ముందు కొద్ది రోజులు ఊసబియ్యం కాలం. లేత కంకులను చేనులోనే పిడకల నిప్పు మీద కాల్చి, వేడి వేడిగా చేతుల్లో నలిపి, పొట్టు ఊది, ఆ పచ్చి గింజల్ని తింటారు. బెల్లం, నువ్వుల పొడి, వెల్లుల్లి కారం పక్కన ఉంటే సరే, లేకున్నా సరే. మహారాష్ట్ర వైపు దీన్నే హుర్డా అంటారు, గుజరాత్‌లో పోంక్ అంటారు. అక్కడి పట్టణాల వాళ్లు ఇప్పుడు డబ్బు కట్టి మరీ పొలాలకు హుర్డా విందుకు వెళ్తున్నారు. జహీరాబాద్ పల్లెల్లో అది ఎన్నడూ అమ్మకపు సరుకు కాలేదు. పిట్టలు తోలడానికి మంచె మీద కూచున్న పిల్లలకూ, దారినపోయే చుట్టాలకూ పెట్టే తిండిగానే ఉండిపోయింది. శనగ చేలో పచ్చికాయలు చెట్టుతో సహా పీకి మంటలో వేసి తినడం కూడా ఈ రోజుల సరదానే. ఇదే కాలానికి కోహీర్ జామ కూడా సంతలకు దిగుతుంది.

చలికాలపు పెద్ద చేను పండుగ మార్గశిర బహుళ అమావాస్య నాడు వస్తుంది. డిసెంబరులోనో జనవరిలోనో పడే ఆ అమావాస్యను బీదర్, కలబురగి వైపు ఎళ్ల అమావాస్య అంటారు, లాతూర్, ధారాశివ్ వైపు వేళ్ అమావాస్య అంటారు. జహీరాబాద్ ప్రాంతంలో ఈ చలికాలపు చేను పూజకు శూన్యం పండుగ అని పేరు. ఒకే ఆచారం మూడు భాషల్లో ఇలా పరుచుకుని ఉండడానికి పాత పాలనా హద్దులూ ఒక కారణం. నిజాం పాలనలో జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు మెదక్ జిల్లావి కావు, బీదర్ జిల్లావి. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించే జిల్లా అది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. బీదర్ మైసూరుకు పోయింది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. గీతలు మారినా ఆడపిల్లల పెళ్లిళ్లు, పశువుల సంతలు, పండుగలు పాత జిల్లాలోనే సాగాయి.

ఈ పండుగ వెనుక ఆలోచన సూటిగా ఉంటుంది. అప్పటికి జొన్న పొట్టకొచ్చి, శనగ పూతకొచ్చి, చేను నిండుగా ఉంటుంది. నిండు చూలాలికి కోరినవి వండి పెట్టినట్టే భూమికీ పెట్టాలన్నది ఆచారం. ముందురోజు రాత్రి నుంచే ఇళ్లలో వంట మొదలవుతుంది. జొన్న, సజ్జ రొట్టెలు నువ్వులు అద్ది కాలుస్తారు. చింతచిగురు కాలం కాదు కనుక పులుపుకు చింతపండో మజ్జిగో పోసి, చేలో దొరికే రకరకాల ఆకుకూరలు, పచ్చి శనగలు, అనుములు, కంది గింజలు కలిపి బజ్జి వండుతారు. బజ్జి అంటే నూనెలో వేయించేది కాదు, చిక్కటి కలగూర. పొద్దున్నే ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని చేనుకు పోతారు. చెట్టు కిందో జొన్న చొప్పతో కట్టిన చిన్న గుడిసెలోనో ఐదు రాళ్లు నిలిపి, సున్నం పూసి, పాండవులని పూజ చేస్తారు. వండినవన్నీ కలిపిన ముద్దను గంపలో పెట్టుకుని ఒకరు చల్లుతూ, వెనుక ఒకరు నీళ్లు చిలకరిస్తూ, కేకలు వేస్తూ చేను చుట్టూ తిరుగుతారు. కన్నడ పల్లెల్లో ఇలా చల్లడాన్ని చరగ అంటారు. పురుగు తినాలి, పిట్ట తినాలి, నేల తినాలి, ఆ తరువాతే మనుషులు. సొంత చేను లేని కుటుంబాలను ఎవరో ఒకరు తమ చేనుకు పిలుస్తారు. లాతూర్‌లో ఆ రోజు బజార్లు మూసి ఉంటాయి, పట్టణమే పొలాలకు తరలిపోతుంది. జహీరాబాద్ పట్టణంలో అంత సందడి ఉండదు గాని, సరిహద్దు పల్లెల్లో పండుగ బలంగానే నిలిచింది.

సంక్రాంతికి సరదా చేను నుంచి మేడల మీదికి మారుతుంది. కోస్తా జిల్లాల్లో కోడిపందేలు ఎలాగో, హైదరాబాద్ ప్రభావం పడిన ఈ పట్టణాల్లో పతంగులు అలాగ. గాలి పొడిగా, నిలకడగా వీచే జనవరి రోజులు వాటికి అనువైనవి. మాంజా, చరఖా లాంటి మాటలే ఈ ఆట ఉర్దూ బజారు నుంచి వచ్చిందని చెబుతాయి. గాజుపొడి పూసిన నూలుదారం పోయి నైలాన్ దారం వచ్చాక పక్షులు చావడం, మనుషుల మెడలు తెగడం ఎక్కువైంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాను దేశమంతటా నిషేధించింది.

కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళకు జాతరలు మొదలవుతాయి. ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరస్వామి జాతర మహాశివరాత్రికి జరుగుతుంది. ఊరూరి దేవుళ్ల జాతరలు కూడా ఈ రోజుల నుంచి ఎండాకాలం దాకా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీటిలో మగవాళ్ల ఆట కుస్తీ. మెత్తగా తవ్విన మట్టిలో మొదట పిల్లలు కొబ్బరికాయ కోసం పట్లు పడతారు. ఆ తరువాత పందెం సొమ్ము పెరుగుతూ పోతుంది. చివరి పట్టు వెండి కడియానికి. గెలిచినవాడిని భుజాల మీద ఎక్కించుకుని డప్పులతో ఊరేగిస్తారు. కర్ణాటక, మహారాష్ట్ర మల్లయోధులు ఈ గోదాల్లో మామూలే. పాత బీదర్ జిల్లా ఈ ఆటలోనూ ఒక్కటిగానే ఉంది. నిజాం కాలపు హైదరాబాద్‌లో పెరిగిన తాలీంఖానాల, అంటే కుస్తీ నేర్పే శాలల, సంప్రదాయం ఈ పల్లెల కుస్తీకి పైమెరుగు ఇచ్చింది. అయితే దాని వేళను నిర్ణయించింది మాత్రం జొన్నకోత.

ఈ వరుస ఇరవయ్యో శతాబ్దం చివర చెదిరింది. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకమే, కాని జొన్నరొట్టె ప్రాంతాల్లో దాని ఫలితం ఇంకోలా కూడా ఉంది. చౌకగా బియ్యం దొరికాక, చలిలో కాపలా కాసి పండించే జొన్నకు ఇంట్లో గిరాకీ తగ్గింది. పేదల చెల్కలు బీడు పడ్డాయి. నీరున్నవారు చెరకు వైపు మళ్లారు. ఆలుగడ్డ, అల్లం జహీరాబాద్‌కు పేరు తెచ్చాయి. అక్టోబరు, నవంబరుల్లో నాటే ఆలుగడ్డకు కూడా ఇక్కడి చలే పెట్టుబడి. గడ్డ ఊరడానికి చల్లటి రాత్రులు కావాలి, తెలంగాణలో అవి దొరికే చోట్లు కొన్నే. కాని ఆలుగడ్డ చేనుకు శూన్యం పండుగ లేదు.

అదే 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ముఖ్యుడు. ఎక్కువగా దళిత మహిళలతో ఏర్పడిన సంఘాలు ఊరూరా బీడు భూములు దున్నాయి, విత్తనాలు దాచాయి. 1990ల మధ్యలో గ్రామాల్లోనే జొన్న పండించి, అక్కడే నిల్వచేసి, అక్కడి పేదలకే చౌకగా పంచే ధాన్యనిధులు నడిపాయి. 2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో వారి సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభించింది. పాటలు, విత్తనాల ముచ్చట్లు, పండుగల కథలు ఆడవాళ్ల నోటనే, వారి యాసలోనే వినిపించాయి. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

పాత చేను పండుగలకు కొత్త రూపం ఇచ్చింది వీరి పాతపంటల జాతర. 2000 ప్రాంతంలో మొదలై ఏటా సంక్రాంతికి బయలుదేరి సుమారు నెల రోజులు సాగుతుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద గంపల్లో, కుండల్లో పదుల రకాల జొన్న, కొర్ర, సామ, అవిసె, పప్పుల విత్తనాలు పెట్టుకుని ఊరినుంచి ఊరికి పోతారు. ఊరి పొలిమేరలో డప్పులతో ఎదురొచ్చి బండ్లను లోపలికి తీసుకుపోతారు. ఊరి మధ్య బండి ఆపి, ఏ పంట వదిలేశాం, ఎందుకు వదిలేశాం, ఎవరి దగ్గర ఇంకా విత్తనం ఉంది అని కూర్చుని మాట్లాడుకుంటారు. ఫిబ్రవరి మధ్యలో మాచ్నూర్‌లో ముగింపు. దేవుడు కాక విత్తనం ఊరేగే జాతర కావడం దీని ప్రత్యేకత. కాని దాని మర్యాదలన్నీ పాత జాతరలవే. పండుగ వేళ కూడా సరిగ్గా కుదిరింది. సంక్రాంతి తరువాత నెల రోజులూ చేలో సత్యం పంటలు నిలబడి ఉంటాయి. చెప్పిన మాటకు సాక్ష్యం దారి పక్కనే కనిపిస్తుంది.

ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్న 2023 మార్చిలో సతీష్ కన్నుమూశారు. ఆ తరువాత కూడా జాతర సంక్రాంతికి కదులుతూనే ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో మాత్రం నేల చరిత్ర మరో మలుపు తీసుకుంది. అక్కడ 12 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో జాతీయ పెట్టుబడుల తయారీ మండలం తలపెట్టారు. కేంద్రం దానికి 2016లో తుది ఆమోదం ఇచ్చింది. భూసేకరణ జరిగిన ఊళ్లలో పరిహారం, పునరావాసం గురించిన వాదనలు సాగాయి. మిగిలిన ఊళ్లలో పత్తి, సోయా, చెరకు మధ్య యాసంగి జొన్న ఇంటి తిండికీ పశువుల చొప్పకూ సరిపడా మిగిలింది. కేతకీ దారిలో, కోహీర్ చెల్కల్లో జనవరిలో ఊసబియ్యం కాల్చే పొగ ఇప్పటికీ లేస్తుంది.