మోదుగ పువ్వు నల్లబడిన రోజులు

ఫాల్గుణంలో మోదుగ ఆకులన్నీ రాల్చి నిలువెల్లా నిప్పులా పూస్తుంది. 19వ శతాబ్దపు ఫొటో పలక మీద మాత్రం ఆ పువ్వు బొగ్గులా నల్లగా పడేది. ఆ పలకకు నీలి కాంతి బాగా తెలుసు, ఎరుపు దాదాపు తెలియదు.

1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ పలక పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఆకుపచ్చ కాంతినీ పట్టుకుంటుందని కనిపెట్టాడు. ఎరుపును కూడా చూడగల పలకలు అంగడికి రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక అసలైన రంగులు! 1907లో ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ పలకలు అమ్మకానికి తెచ్చారు. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు అద్ది గాజు మీద పలచగా పరిచేవారు. వాటిని దాటుకుని రావాల్సిన వెలుగు చాలా తగ్గిపోయేది. అందుకే మంచి ఎండలోనూ ఒక సెకనో, అంతకన్నా ఎక్కువో లెన్సు తెరిచి ఉంచాలి. ఆలోగా గాలికి కొమ్మ ఊగిందా, పూలన్నీ మసకబారేవి.

1936లో 35 మిల్లీమీటర్ల కెమెరాలకు కోడాక్రోమ్ రీలు వచ్చాక, ఎండ ఉంటే చాలు, స్టాండు లేకుండానే పూలను రంగుల్లో తీయగలిగారు.

ఇవాళ పాత కెమెరాలో నలుపు తెలుపు రీలు వేసి, లెన్సుకు ఎర్ర ఫిల్టరు బిగిస్తే, అదే మోదుగ ముదురు ఆకాశం మీద తెల్లగా మెరుస్తుంది.