గోదావరీ తీరమున త్రిభుజములు

పట్వారీ గొలుసులో ఒక కడియము సాగినచో, అతడు కొలిచిన ప్రతి పొలమును నిజముకన్న తక్కువగనే లెక్కకు వచ్చును. అదే గొలుసుతో నూరుసార్లు కొలిచినను ఆ తప్పు బయటపడదు. కన్ను తడబడుటచే కలుగు తప్పు వేరు. అది ఒకమారు హెచ్చు, ఒకమారు తగ్గు చూపును. పెక్కుసార్లు కొలిచి సరాసరి కట్టినచో చాలవరకు సమసిపోవును. ఈ రెండు తప్పులను వేరుచేయుటయే శాస్త్రీయమైన లెక్కకు తొలిమెట్టు. ఇందుకు మన ప్రాంతముతో సంబంధించిన చరిత్ర ఒకటి కలదు.

1802లో లాంబ్టన్ మద్రాసు చెంత ఒక భూరేఖను గొలుసుతో కొలిచి, దానిపై త్రిభుజములను అల్లుచు ఉత్తరమునకు సాగెను. ఒక భుజమును, కోణములను ఎరిగినచో మిగిలిన భుజములు లెక్కలో లభించును. 1815లో బీదరు చెంత మరియొక భూరేఖను కొలిచెను. 1818లో హైదరాబాదున ఆయనతో చేరిన ఎవరెస్టు, మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడిమి దేశమును కొలువ వెళ్లి, గోదావరీ ప్రాంతపు అడవులలో విషజ్వరము పాలయ్యెను. పరిజనులలో పలువురు మరణించిరి. కరీంనగరము ఆ నడిమి దేశములోనిదే. లాంబ్టన్ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూసెను. ఆ యూరు ఆదిలాబాదు నుండి నాగపురమునకు పోవు రహదారిపై నున్నది.

ఇంత వెలపెట్టి తెచ్చిన అంకెలను వారు పరీక్షింపక స్వీకరింపలేదు. ఎండకు ఉక్కు సాగును గనుక గొలుసును డేరాల నీడన ఉంచి, ఉష్ణమానము చూచి, లెక్కను సవరించిరి. త్రిభుజ కోణముల మొత్తము 180 డిగ్రీలని బడిలో నేర్తుము. భూమి గుండ్రనిదగుటచే పెద్ద త్రిభుజములలో సుమారు 75 చదరపు మైళ్లకు ఒక వికల, అనగా డిగ్రీలో 3600వ వంతు, హెచ్చవలెను. అంతకు మించినను తగ్గినను కొలతలో దోషమున్నట్లే. 1808లో తంజావూరి ఆలయముపైకి ఎక్కించునపుడు కోణములు కొలుచు పెద్ద యంత్రము గోడకు తాకి, దాని వలయము వంగెను. లాంబ్టన్ ఆరు వారములు శ్రమించి దానిని సరిచేసిన పిదపనే పని సాగెను.

అన్నిటికన్న గట్టి పరీక్ష మరియొకటి. లెక్కలో తేలిన భుజమును నేలపై మరల కొలుచుట. 1841లో బీదరు రేఖను, ఎండకు పొడవు మారకుండునట్లు ఇనుము ఇత్తడి కూర్చిన కడ్డీలతో, వా అను అధికారి కొలిచెను. మధ్యభారతమందలి సిరోంజి నుండి నాలుగువందల మైళ్లకు పైగా త్రిభుజములు అల్లుకొని వచ్చిన లెక్కకును, నేలపై కొలతకును, సుమారు ఎనిమిది మైళ్ల రేఖలో తేడా నాలుగంగుళములు మాత్రమే.

అయితే ఉత్తరమున కలియానా, కలియాన్‌పూరుల నడుమ త్రిభుజముల లెక్కకును, నక్షత్రములను చూచి కట్టిన లెక్కకును ఐదు వికలకు పైగా తేడా మిగిలెను. ఎవరెస్టు దానిని కొలతలోని లోపముగ నెంచి త్రిభుజములకు పంచి సర్దెను. 1855లో ప్రాట్ హిమాలయముల ఆకర్షణచే తూకపుగుండు ప్రక్కకు జరుగుటను లెక్కకట్టగా, తేడా పదునైదు వికలకు పైగా ఉండవలసి వచ్చెను! కొండల క్రింది భూమి తేలికయై ఆ ఆకర్షణను తగ్గించుచున్నదని ఎయిరీ సూచించెను. పంచి అణచిన ఆ తేడాలో భూగర్భ రహస్యమే దాగియుండెను.

నేడు ఈ లెక్కలను గణకయంత్రములు క్షణములో చేయును. కాని అడుగులు మారలేదు. మూలపు అంకెను చెరుపక భద్రపరుపవలెను. కొలమానమును ముందుగ సరిచూడవలెను. మరియొక మార్గమున ఫలితమును పరీక్షింపవలెను. తేడా మిగిలినచో దానిని సర్దక మొదట కారణము వెదుకవలెను. సాగిన గొలుసును యంత్రమునకు అప్పగించినచో, అది తప్పునే మిక్కిలి వేగముగ లెక్కించి ఇచ్చును.