నడుముకు ఒర: చిత్తూరు సీమలో మొలకత్తి చరిత్ర

మడవడానికి వీలులేని కత్తికి ఒరే సగం ప్రాణం. నడుముకు కత్తి పెట్టుకున్నవాడు పరుగెత్తినా, వంగినా, చెట్టెక్కినా అది జారిపోకూడదు. కిందపడితే అతని తొడలోనే దిగకూడదు. అవసరమైనప్పుడు మాత్రం ఒక్క చేత్తో లాగగానే బయటికి రావాలి. ఈ కోరికలకు ఒకదానితో ఒకదానికి పొసగదు. ఒర బిగిస్తే కత్తి రాదు, వదులు చేస్తే నిలవదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వెయ్యేళ్లకు పైబడిన కాలంలో యోధుడు, పాలెగాడి బంటు, కరణం, ఈడిగ ఈ చిక్కును తమ తమ పనిని బట్టి విప్పుకున్నారు.

ఈ సీమలో మొలకత్తికి తొలి సాక్ష్యాలు వీరగల్లులు. 9, 10 శతాబ్దాల్లో బాణులు, వైదుంబులు, నొలంబులు, గాంగులు అనే రాజవంశాల వాళ్లు పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల నేల కోసం పదేపదే తలపడ్డారు. వైదుంబుల కాలపు శాసనాలు సోరెమడి యుద్ధాన్ని పేర్కొంటాయి. ఆ పోరుల్లో పడినవాళ్లకూ, పశువుల మందలను దొంగల నుంచి కాపాడుతూ చనిపోయినవాళ్లకూ ఊరివాళ్లు రాళ్లు నిలిపారు. చాలా రాళ్ల మీద వీరుడి ఒక చేతిలో విల్లు, మరో చేతిలో కురుచ కత్తి ఉంటాయి. కొన్నింటిలో నడికట్టుకు ఒర కూడా కనిపిస్తుంది. ముఖం దగ్గర తొందరపడిన శిల్పి కూడా ఆయుధం దగ్గర నిదానించాడనిపిస్తుంది. బాణాలు అయిపోయి శత్రువు మీదికి వచ్చాక పనికొచ్చేది మొలలో కత్తే. విలుకాడికి అది అలంకారం కాదు, చివరి ఆసరా.

విజయనగర కాలానికి ఈ ఏర్పాటు బాగా ముదిరింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ మహర్నవమి తర్వాత జరిగిన సేనల కవాతును వర్ణిస్తూ, విలుకాండ్ర నడుములకు బాకులున్నాయని రాశాడు. 1565 నాటి తళ్లికోట ఓటమి తర్వాత రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి మారింది. దానితోపాటే కొలువు, సైనికులు, వాళ్ల వేషభాషలు తిరుమల కొండ కిందికి చేరాయి. ఆ నాటి దక్షిణాది బాకుల్లో పేరున్నది కఠారి. దాని పిడి మామూలు కత్తి పిడిలా నిలువుగా ఉండదు. రెండు పక్కకమ్ముల మధ్య అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగించి ముందుకు పొడవడానికే దాన్ని చేశారు.

ఆయుధాన్ని నడుముకు కట్టడం గౌరవచిహ్నం కూడా. అందుకే అది దేవుడి అలంకారంలోకీ వెళ్లింది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో తిరుమల వచ్చినప్పుడు సమర్పించిన కానుకల్లో రత్నాలు పొదిగిన కత్తి, దాని ఒర ఉన్నాయి. మూలవిరాట్టు ఆభరణాల్లో సూర్యకఠారి ఒకటి.

కఠారి నడుములో నిలవడానికి కారణం దాని ఆకారమే. అలుగు పిడి దగ్గర వెడల్పుగా ఉండి మొన వైపు సన్నబడుతుంది. అలాంటి అలుగు ఒరలోకి పూర్తిగా దిగిన తర్వాతే అంచులకు బిగుసుకుంటుంది. పైకి అంగుళం లాగితే చాలు, పట్టు వదిలి సులువుగా వచ్చేస్తుంది. అలుగు వెడల్పు అంతటా ఒకేలా ఉండే కత్తి అలా కాదు, ఒర పొడవునా రాసుకుంటూ రావాలి. కఠారి పక్కకమ్ములు దట్టీ పైన నిలుచుంటాయి కనుక పిడి వెతుక్కోవలసిన పనీ లేదు. మూరల కొద్దీ పొడవున్న నూలు లేదా పట్టు దట్టీని నడుముకు పలుమార్లు చుట్టి, ఆ చుట్ల మధ్య ఒరను ఏటవాలుగా దోపేవారు. చుట్టు చుట్టుకీ బిగువు పెరుగుతుంది. బట్ట మెత్తన కాబట్టి వంగినప్పుడు ఒర శరీరంతోపాటే కదులుతుంది. పొడవాటి కత్తికి ఇది చాలదు. దాన్ని తోలు పటకాకు వేలాడదీసి, కుడిచేత్తో దూసేలా ఎడమ తుంటి మీద ఉంచేవారు.

ఒర తయారీ ఒక్కరి పని కాదు. అలుగు కమ్మరిది. కొయ్య ఒర కావాలంటే తేలిక చెక్కను రెండు బద్దలుగా చీల్చి, లోపల అలుగు మేరకు తొలిచి, రెంటినీ అతికించి, పైన తోలో బట్టో చుట్టేవారు. మొన తగిలే చోట లోహపు తొడుగు వేయకపోతే కొన్నాళ్లకు కత్తి ఒరను చీల్చుకుని బయటికి వస్తుంది. తోలు పని మాదిగలది. రాయలసీమ మెట్టల్లో విరివిగా పెరిగే తంగేడు చెక్కతో తోలు ఊనడం దక్షిణాదిలో పాత పద్ధతి. అలా ఊనిన తోలు గట్టిగా, వంగేదిగా ఉంటుంది గానీ అందులోని వగరు ఇనుముకు పడదు. తడి తగిలితే అలుగు మచ్చలు పడి తుప్పు పడుతుంది. ఎక్కువ రోజులు వాడని కత్తికి నూనె పట్టించి ఒర బయట దాచడం అందుకే మంచిది. వానాకాలంలో ఉబ్బి, ఎండలో ఎండి ముడుచుకునే గుణం కూడా తోలుకు ఉంది. నెలల తరబడి నడుమునే ఉండే ఆయుధానికి కొయ్య ఒర, రోజూ తీసి పెట్టే పనిముట్టుకు తోలు ఒర నప్పుతాయి.

విజయనగరం కూలాక నడుమున కత్తి పెట్టుకునే హక్కు పాలెగాళ్ల, వాళ్ల బంట్ల చేతిలో మిగిలింది. నరగంటి, కల్లూరు, పులిచెర్ల, బంగారి, తుంబ వంటి చిత్తూరు పాలేలు ఆర్కాటు నవాబు కింద ఉండేవి. 1801లో కర్ణాటక రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1804లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు, కంపెనీ సేనలు అణచివేశాయి. నిజాం 1800లో వదులుకున్న దత్తమండలాల్లో, అంటే అప్పటికి కడప వైపున్న మదనపల్లె, వాయల్పాడు సీమలో, కంపెనీ కలెక్టరు థామస్ మన్రో కూడా పాలెగాళ్ల సాయుధ బలగాలను లేకుండా చేశాడు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో దొర వేషం కట్టినవారు ఇప్పటికీ లాంఛనంగా పాలెగాడి తల నరుకుతారు. చరిత్ర పుస్తకాలు పాలెగాళ్లను కొంత కరుణతో చూస్తున్నా, ఈ జాతర మాత్రం చూడదు.

పాలెగాళ్ల అణచివేత తర్వాత చట్టం వచ్చింది. మద్రాసు రాజధానిలోనే భాగమైన మలబారులో మాపిళ్ల ముస్లింల యుద్ధకత్తిని నిషేధిస్తూ 1854లో ప్రత్యేక చట్టం చేశారు. ఒక కత్తి రకాన్ని పేరుపెట్టి నిషేధించడం అరుదు. 1878 ఆయుధాల చట్టం దేశమంతటా లైసెన్సు లేకుండా ఆయుధంతో తిరగడాన్ని నేరం చేసింది. కత్తులు, బాకులు ఆ నిర్వచనంలో ఉన్నాయి. కొడగు వాసులకు మాత్రం మినహాయింపు దక్కింది. అక్కడ పీచెకత్తిని ఒరతో సహా ముందు వైపు పట్టు దట్టీలో దోపుతారు. వెడల్పాటి ఒడికత్తిని వీపు వెనక లోహపు కొక్కేనికి, ఒర లేకుండానే తగిలిస్తారు. చిత్తూరు సీమకు అలాంటి మినహాయింపు రాలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి ఆయుధంగా మొలకత్తికి చట్టబద్ధమైన చోటు లైసెన్సు కాగితమే.

పనిముట్టుగా కత్తి మాత్రం నడుము దిగలేదు. తాటాకు మీద రాసే కరణానికి గంటం, ఆకు అంచులు కత్తిరించే చిన్న కత్తి రెండూ కావాలి. రెంటినీ ఒకే ఒరలో ఇమిడ్చిన జతలు దక్షిణాది మ్యూజియాల్లో కనిపిస్తాయి. మొలలో దోపుకుంటే మొన గుచ్చుకోకుండా ఉండటమే ఆ ఒర పని. కాగితం వచ్చి గంటాన్ని మూలపెట్టింది. మంగలి కత్తులు పొదిలో చుట్టి చంకన పెట్టుకునేవి, నడుముకు కట్టేవి కావు. రైతు కొడవలిని వీపు వెనక మొలతాడుకో పంచెకట్టుకో తగిలిస్తాడు. వంపు ఉండటం వల్ల అది జారదు. అయితే ఒర లేని కొడవలితో గట్టు దిగుతూ కాలు జారితే ప్రమాదమే.

ఒర నిజంగా ప్రాణరక్ష అయ్యింది కల్లుగీతలో. రాయలసీమలో ఈడిగలు, తెలంగాణలో గౌడులు తాటి, ఈత చెట్లెక్కి రోజూ గెలనో మట్టల కింది లేత కాండాన్నో పలచగా చెక్కాలి. ఆ కోత ఎంత సన్నగా ఉంటే కల్లు అంత బాగా ఊరుతుంది కనుక గీత కత్తికి మంగలి కత్తితో పోటీపడేంత పదునుండాలి. ఎక్కేటప్పుడు రెండు చేతులూ చెట్టుకూ, ఎక్కే తాడైన మోకుకూ సరిపోతాయి. అంత పదునైన అలుగు ఉండవలసిన చోటు నడుమే. తెలంగాణలో ఆ నడుము సరంజామాను ముస్తాదు అంటారు. గీత కత్తులు అందులోనే ఉంటాయి. నేల మీది మనిషికి ఒర నోరు ఎప్పుడూ పైకే ఉంటుంది. గీత కార్మికుడు మాత్రం చెట్టు తల దగ్గర వెనక్కి వాలి, పక్కకు ఒరిగి పని చేస్తాడు. అందుకే కత్తి బరువును నమ్ముకోకుండా లోతైన ఒర, గట్టి బిగువు కావాలి.

ప్రస్తుతం అమలులో ఉన్న 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికో సేద్యానికో మాత్రమే చేసిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. నిబంధనల ప్రకారం అలుగు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు పరిధిలోకి వస్తాయి. ఇల్లు, సేద్యం, శాస్త్రం, పరిశ్రమల పనికి చేసినవాటికి అక్కడా మినహాయింపు ఉంది. తిరుమల కొండకు మాత్రం వేరే కట్టడి ఉంది. అలిపిరి తనిఖీలో ఆయుధాలేవీ పైకి పోనివ్వరు. గీత కార్మికులు చెట్ల మీంచి పడకుండా 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు చేసే పనిని ఆ కిట్టు పంచుకుంటుంది. గీత కత్తికి ఒర అవసరం మాత్రం మునుపటిలాగే ఉంది.