పరుల యింట మన లెక్కల యంత్రము

గ్రామపు భూముల లెక్కలు కరణముగారి యింటి పెట్టెలో ఉండిన కాలమును మన పెద్దలు ఎరుగుదురు. లెక్కలు సర్కారువి, పెట్టె కరణముగారిది. అడంగలు నకలు కావలసిన రైతు ఆ యింటి అరుగు మీద కూర్చుండి వేచియుండెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకములు రద్దయి ఆ దఫ్తరములు సర్కారు చేతికి వచ్చినవి. కాగితములు చేతికి వచ్చుట వేరు, వాని అర్థము చేతికి వచ్చుట వేరు అని అప్పుడు తెలిసినది. ఏ పొలము ఏ పేరనుండి ఏ పేరునకు ఎందుకు మారినదో కాగితముపై కొంత, కరణముగారి జ్ఞాపకములో కొంత ఉండెడిది.

వ్యాపార సంస్థల లెక్కల విషయములో నేడు జరుగుచున్నదియు ఇంచుమించు ఇదియే. బ్యాంకులు, బీమా సంస్థలు, మిల్లులు, సహకార సంఘములు ఇరువది ముప్పది యేండ్ల క్రిందట, ఒక్కొక్కచో ఏబది యేండ్ల క్రిందట వ్రాయించుకొన్న కంప్యూటరు ప్రోగ్రాములు ఇంకను పని చేయుచున్నవి. 1964లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన సిస్టమ్ 360 యంత్రములకై వ్రాసిన ప్రోగ్రాములు దాని సంతతి యంత్రములపై నేటికిని నడువగలవు. ప్రోగ్రాము చావలేదు, దానిని ఎరిగిన మనిషి పింఛను పుచ్చుకొనుచున్నాడు. యంత్రపు గదికి చల్లదనము, విద్యుత్తు, కాపలా అన్నియు ఖర్చే. అందుచేత "దీనిని మీ యింట ఉంచి మీరే నడుపుడు, నెలకింత యిచ్చెదము" అని మరొక సంస్థకు అప్పగించుట పరిపాటియైనది. అది మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. అప్పగించునపుడు మన చేయి దాటిపోవునది యేమి అన్నదే మా ప్రశ్న. గడచిన డెబ్బది యేండ్ల చరిత్రలో దానికి సమాధానము కొంత దొరకుచున్నది.

ఈ కథకు మొదలు ఒక తేనీటి కంపెనీ. లండను నగరమున లయన్స్ అను సంస్థకు వందలకొలది తేనీటి అంగళ్లు, రొట్టెల కర్మాగారములు ఉండెడివి. ఎన్ని రొట్టెలు కాల్చిరి, ఎన్ని అమ్మిరి, ఎంత మిగిలినది అను చిల్లర లెక్కలకే పెద్ద గుమాస్తా దండు కావలసి వచ్చెడిది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున తయారగుచున్న గణనయంత్రమునకు ధనసాయము చేసి, ఆ నమూనాననుసరించి లయన్స్‌వారు తమకొక యంత్రమును కట్టుకొనిరి. దాని పేరు లియో. దానిలో సుమారు 6,000 వాల్వులు. మన పాత రేడియోలలో నాలుగైదు వాల్వులలో ఒకటి కాలిననే ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెడిది కదా! ఆరువేల వాల్వులను కాచుకొని కూర్చుండుట యెట్టిదో శ్రోతలు ఊహింపవచ్చును. 1951 నవంబరులో రొట్టెల లెక్క ఆ యంత్రముపై వారము వారము నడువసాగెను. వ్యాపారపు పనిని క్రమముగా చేసిన మొదటి కంప్యూటరు అదియే యందురు.

జీతముల లెక్క కూడ దానికి అప్పగింపవలెనని తలచినపుడు లయన్స్‌వారు తొందరపడలేదు. గుమాస్తాలు చేసిన లెక్కను, యంత్రము చేసిన లెక్కను కొన్ని వారములు పక్కపక్కనే నడిపి సరిచూచుకొనిరి. 1954 ఫిబ్రవరిలో గాని యంత్రపు లెక్కనే నమ్మి జీతములు పంచలేదు. కొలది కాలమునకు పొరుగు సంస్థలు వచ్చి తమ లెక్కలను కూడ చేసిపెట్టుడని అడుగజొచ్చినవి. మోటారు కార్ల ఫోర్డు సంస్థ వారి ఆంగ్లదేశపు కార్మికుల జీతములు ఇట్లు ఒక తేనీటి కంపెనీ యంత్రముపై లెక్కింపబడినవి. పరుల యంత్రముపై మన లెక్క అను వ్యాపారమునకు ఇది తొలి రూపములలో ఒకటి.

అమెరికాలో దీనిని పెద్ద వ్యాపారముగా చేసినవాడు రాస్ పెరో. ఐ.బి.ఎం.లో యంత్రములమ్మిన ఈయన 1962లో వేయి డాలర్ల మూలధనముతో డల్లాస్ నగరమున ఎలక్ట్రానిక్ డేటా సిస్టమ్స్ అను సంస్థను పెట్టెను. అప్పటికి ఆయనకు సొంత యంత్రము లేదు. ఒక బీమా కంపెనీ యంత్రము ఖాళీగా ఉండు గంటలను కొని, ఆ గంటలలో ఇతరుల పని చేసిపెట్టెను. అటుపిమ్మట సంస్థల కంప్యూటరు విభాగములనే గుత్తకు తీసికొని, ఏండ్ల తరబడి సాగు ఒడంబడికలు వ్రాయించుకొనెను.

1989లో ఫోటో ఫిల్ముల కోడక్ సంస్థ తన కంప్యూటరు కేంద్రముల నిర్వహణను ఐ.బి.ఎం.కు అప్పగించినది. అంతటి సంస్థయే ఇచ్చివేసినపుడు మనకేమి అని తక్కిన సంస్థలు అదే బాట పట్టినవి. ఆ కథలో అందరును చెప్పని భాగము ఒకటి కలదు. కోడక్ తన ఉద్యోగుల బల్లలపైనున్న చిన్న కంప్యూటర్లను చూచుకొను పనిని బిజినెస్‌ల్యాండ్ అను మరొక సంస్థకిచ్చెను. రెండేండ్లు తిరుగకముందే, 1991లో, ఆ బిజినెస్‌ల్యాండును వేరొకరు కొనివేసిరి. నమ్మి యిచ్చిన యిల్లు చేతులు మారినపుడు లోపలి సామానుకు జవాబుదారి ఎవరు?

ఆ ప్రశ్న మన దేశమునకు అంతకు ముందే ఎదురైనది. విదేశీ సంస్థలు తమ వాటాను తగ్గించుకొనవలెనను చట్టము 1973లో వచ్చినపుడు ఐ.బి.ఎం. అందుకు ఒప్పుకొనక 1978లో భారతదేశమును విడిచిపోయెను. వారి యంత్రములు మన కార్యాలయములలో అక్కడక్కడ మిగిలిపోయినవి. బాగుచేయు చేయి మాత్రము వెళ్లిపోయినది. వానిని నిలబెట్టు భారము 1975లోనే ఏర్పడియున్న ప్రభుత్వ సంస్థయగు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌పై, అనగా సి.ఎం.సి.పై పడెను. ఆ సంస్థ పరిశోధన కేంద్రము సికిందరాబాదులో వెలసినది. ఇరువది యేండ్ల పిమ్మట, 2000 సంవత్సరము వచ్చుచున్నదనగా, సంవత్సరమును రెండే అంకెలతో వ్రాసిన ప్రోగ్రాములను సవరింపవలసి వచ్చినపుడు మన తెలుగు యువకులెందరో అమీర్‌పేట గదులలో కోబాల్ నేర్చుకొని దేశాంతరములకు పోయిరి. తాము పుట్టక మునుపు ఎవరో వ్రాసిన పంక్తులను వారు ఒక్కొక్కటిగా చదివిరి. ఆ పంక్తుల అర్థము యజమానికంటె గుత్తకు వచ్చిన కుర్రవానికే ఎక్కువ తెలియుట అప్పటినుండి మామూలైనది.

ఇంటివాడు దివాలా తీసినచో ఏమగునో 2013 జనవరిలో ఆంగ్లదేశమున తెలిసినది. టూ-ఈ-టూ అను సంస్థ ఇతరుల యంత్రములను తన కేంద్రములలో ఉంచి నడిపెడిది. అది కూలినది. దాని వ్యవహారములకు వచ్చిన పరిపాలకులు ఖాతాదారులకు జాబులు వ్రాసిరి: కేంద్రమున దీపములు వెలుగుచుండవలెనన్నచో చిన్న ఖాతాదారులు 4,000 పౌండ్లు, పెద్దవారు 40,000 పౌండ్లు చెల్లింపవలెను; మీ సమాచారమును మీకు తిరిగి అప్పగించుటకు 16 వారముల వరకు పట్టవచ్చును. పదహారు వారములు తన ఖాతా పుస్తకము తన చేత లేని వ్యాపారి ఏ మొగము పెట్టుకొని అంగడి తెరచును?

ఇక మేము కొంత నిలిచి చెప్పదలచినది టి.ఎస్.బి. బ్యాంకు కథ. 2013లో లాయిడ్స్ బ్యాంకునుండి ఇది వేరుపడెను. వేరుపడినను లెక్కలు మాత్రము లాయిడ్స్‌వారి పాత యంత్ర వ్యవస్థపైననే నడిచినవి. అందులకు అద్దె చెల్లించుచుండెడిది. అన్నదమ్ములు వేరుపడియు పొయ్యి ఒకటిగానే ఉంచుకొన్నట్లు అన్నమాట. 2015లో స్పెయినుదేశపు సబాదెల్ బ్యాంకు టి.ఎస్.బి.ని కొని, లెక్కలన్నిటిని తన అనుబంధ సంస్థయగు సాబిస్ కట్టు క్రొత్త వ్యవస్థకు తరలింపనెంచెను. తరలింపు ఖర్చుకై లాయిడ్స్‌వారే 45 కోట్ల పౌండ్లు ఇచ్చిరి. కనుక ధనమునకు కొదువ లేదు.

మొదట 2017 నవంబరని ముహూర్తము పెట్టిరి. పని తెమలలేదు. మరల పెట్టిన ముహూర్తమైనను పనిని కొలిచి పెట్టినది కాదు. తేదీ ముందు వ్రాసికొని, దానికి సరిపోవునట్లు పనిని వెనుకనుండి పేర్చిరని తరువాత జరిగిన విచారణలో తేలినది. సాబిస్ తాను ఒక్కతెగా చేయుటలేదు. దాని క్రింద ఎనుబదికి పైగా ఇతర సంస్థలుండెను. అవి సిద్ధముగా నున్నవా అని బ్యాంకు అడుగగా సిద్ధముగా నుండగలవను భరోసా జాబు వచ్చినది. నున్నవా అనుటకును, నుండగలవనుటకును నడుమ గల దూరమును ఎవరును కొలువలేదు. క్రొత్త వ్యవస్థకు రెండు కేంద్రములు జతగా పనిచేయవలసియుండగా, బరువు మోయగలదో లేదో అను పరీక్ష ఒక కేంద్రమునకే జరిపిరి.

2018 ఏప్రిల్ 20నుండి 22వరకు, వారాంతములో, 52 లక్షల మంది ఖాతాదారుల లెక్కలు తరలిపోయినవి. విచిత్రమేమనగా లెక్కలు క్షేమముగానే చేరినవి. చేరిన యిల్లే నిలువలేదు. 19 లక్షల మంది తమ ఖాతాలు తామే తెరువలేకపోయిరి. కొందరికి పరుల ఖాతాలు కనబడినవి. జీతము పడినదో లేదో తెలియక, ఇంటి అద్దె కట్టలేక జనులు శాఖల ముందు నిలిచిరి. శాఖలలోని గుమాస్తాల తెరలపైనను అదే గతి. పనులు పూర్తిగా దారికి వచ్చుటకు డిసెంబరు వరకు పట్టెను. ఫిర్యాదులు 2,25,000 దాటినవి, ఖాతాదారులకు చెల్లించిన నష్టపరిహారము 3.27 కోట్ల పౌండ్లు. 2022 డిసెంబరులో నియంత్రణాధికారులు బ్యాంకునకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించిరి. పనిని పరులకిచ్చితిమి గనుక బాధ్యతయు వారిదే యను మాటకు అక్కడ చోటు దొరకలేదు.

ఇంత పెద్ద బ్యాంకుల గొడవ మనకెందుకని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. మేము సభ్యులముగా నున్న ఒక చిన్న పరపతి సంఘము సంగతి చెప్పెదము. అచ్చట ఋణముల లెక్క పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముపై నడుచుచుండెను. దానిని పట్టణములోని ఒక సంస్థ సర్వరునకు తరలింప నిశ్చయించితిమి. నెల అద్దె యెంత, సామాను యెప్పుడు ఎత్తుదురు అని మాత్రమే అడిగితిమి. తరలించిన ఉదయమున ప్రోగ్రాము తెరుచుకొనలేదు. పాత యంత్రమునకు వెనుక, ప్రింటరు తగిలించు చోట, బొటనవ్రేలంత తాళపు ముక్క ఒకటి గుచ్చి యుండెను. అది లేనిదే ఆ ప్రోగ్రాము కదలదు. దుమ్ము దులుపువాడు తప్ప దాని నెవరును ఎన్నడును గమనింపలేదు. పోనీ, ప్రతిరాత్రి తీసిపెట్టిన నకళ్లున్నవి గదా యని చూచితిమి. నకళ్లున్నవి, వానినుండి లెక్కను తిరిగి నిలబెట్టుట ఒక్కనాడైనను ఎవరును చేసి చూడలేదు.

పాత యంత్రమును తిరిగి గదిలోనికి తెచ్చి పని సాగించితిమి. ఆ ప్రోగ్రాము వ్రాసిన పెద్దమనిషి మనుమల యింట విశ్రాంతి తీసికొనుచుండగా పోయి రెండు దినములు కూర్చుండి, ఆయన చెప్పినదెల్ల కాగితముపై పెట్టితిమి. ఒడంబడికను తిరుగ వ్రాయించితిమి: మేము వెళ్లదలచిననాడు మా లెక్కను ఏ రూపమున, ఎన్ని దినములలో ఇచ్చెదరు, వారి క్రింద ఎవరెవరు పని చేయుదురు, మూడు నెలలకొకసారి నకలునుండి లెక్కను నిలబెట్టి మా కండ్లయెదుట చూపెదరా. అద్దె కొంచెము పెరిగినది. అటుపిమ్మట మూడు నెలలు పాతది, క్రొత్తది పక్కపక్కనే నడిపితిమి.

రెండవ నెల లెక్కలో పదునొకండు రూపాయల తేడా వచ్చెను. దానిని పట్టుటకు నాలుగు దినములు పట్టినది. వడ్డీలో అరరూపాయి లోపు చిల్లరను సభ్యునికి వదలివేయవలెనని ఎప్పుడో సర్వసభ్య సమావేశములో తీర్మానించిరట. తీర్మానము పుస్తకము చెదలు తినెను. ఆ నియమము ఆ పాత ప్రోగ్రాములోని ఒక్క పంక్తిలో మాత్రమే మిగిలియున్నది.